గోడకెక్కిన తుత్తం మందు

ఆ రోజు లక్ష్మీరాజం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే వాకిట్లో తుత్తం మందు కలపాలి. ఎండ ముదరకముందే పసుపు చేనుకు కొట్టెయ్యాలి. సాయంత్రం భార్య నర్సవ్వను వెంటబెట్టుకుని కోరుట్ల పోయి సిరిసిల్ల బస్సెక్కాలి. సిరిసిల్లలో తమ్ముడు కొత్త సాంచ, అంటే కరెంటు మగ్గం, బిగించాడు. మర్నాడు దానికి కొబ్బరికాయ కొడుతున్నారు. పెద్దన్న లేకపోతే బాగుండదు.

అది పైకి చెప్పే కారణం. చెప్పని కారణం ఇంటి ముందు ప్రహరీగోడ మీద ఎర్రరంగుతో మనిషెత్తు అక్షరాల్లో రాసి ఉంది. "పోలీసు జులుం నశించాలి."

ఆ రాత లక్ష్మీరాజం రాసింది కాదు, రాయించింది కాదు. ఊళ్ళో పగలు పోలీసు జీపులు, చీకటి పడ్డాక అడవి నుంచి దిగిన అన్నలు తిరిగే రోజులవి. ఒక పొద్దున లేచి చూసేసరికి గోడ మీద ఆ మూడు మాటలూ ఉన్నాయి. రోడ్డు వైపున్న నున్నటి గోడ ఊరు మొత్తానికి తనదొక్కటే కావడం లక్ష్మీరాజం చేసుకున్న పాపం. నిన్న ఎస్సై జీపు ఆపి, చదువుకుని, "ఏమయ్యా, రేపు నేను జగిత్యాలలో మీటింగుకి వెళ్ళి ఈ దారినే తిరిగొస్తాను. అప్పటికి ఇది కనపడకూడదు" అని చెప్పి పోయాడు. జీపు రేపిన దుమ్ము అణగకముందే ఇంకో కబురు వచ్చింది. గోడ మీది మాట ఎవరైనా చెరిపితే అన్నలకు జవాబు చెప్పుకోవాల్సి ఉంటుందట.

చెరిపితే ఒక తంటా, చెరపకపోతే ఒక తంటా. లక్ష్మీరాజం రాత్రంతా దొర్లి దొర్లి తేల్చుకున్నది ఒక్కటే. ఊళ్ళో లేకుండా పోవాలి.

"మనముంటెనే గద అడుగుడు. ఆయనచ్చే యాళ్ళకు మనం సిరిసిల్ల తొవ్వల ఉంటం" అన్నాడు నర్సవ్వతో.

"మనం పోతం. గోడ గూడ బస్సెక్కుతదా?" అంది నర్సవ్వ.

లక్ష్మీరాజం అప్పటికే గోలెం కడుగుతున్నాడు. పసుపు ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. మొదట ఆవగింజంత ఉన్న మచ్చ నాలుగు వానలు పడేసరికి గోటంత అయ్యింది. మధ్యలో బూడిదరంగు, చుట్టూ పసుపు వలయం. మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే ఆకు ఎండిపోతుంది. ఆకు ఎండితే భూమిలో దుంప ఊరదు. ఆ చేను పోతే ఆ ఏడాదికి ఇంకేమీ లేదు.

లక్ష్మీరాజం పుట్టింది సిరిసిల్లలో, నేతపనివాళ్ళ ఇంట్లో. మగ్గం గుంటలో కాళ్ళాడించి నడుము పట్టేశాక, అత్తగారింటికి ఇల్లరికం వచ్చి పసుపు రైతయ్యాడు. నూలుకు అద్దకం వేసే గోలేల మధ్య పెరిగినవాడు కాబట్టి రంగుల గురించి తనకు తెలియనిది లేదనుకునేవాడు. కానీ తుత్తం మందును మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నెమలి మెడలా మెరిసే మైలుతుత్తం పలుకులు నీళ్ళలో కరిగి నీలమవుతాయి. దాన్ని పాలలాంటి సున్నపునీళ్ళలో సన్నటి ధారగా పోస్తూ కలియబెడితే, వాన వెలిసిన ఆకాశం రంగు ఒకటి గోలెం నిండా పొంగుతుంది. ఆకు మీద ఎండిందంటే వానకు కూడా ఊడదు. తెగులు పక్క ఆకు మీద కాలు మోపనివ్వదు. ఇంత గట్టిగా పట్టుకునే రంగు సిరిసిల్లలో ఏ అద్దకంవాడి దగ్గరా లేదని లక్ష్మీరాజం చాలామందితో అన్నాడు. అద్దకంవాళ్ళతో మాత్రం అనలేదు.

ఆ మందు మంచిచెడ్డలన్నీ నర్సవ్వకు తండ్రి దగ్గర అబ్బినవి. "ఇనుప డ్రమ్ముల కలుపకు, తుత్తం ఇనుమును తింటది. మట్టి గోలెంల కలుపు. సున్నాన్ని తుత్తంల పొయ్యకు, తుత్తాన్నే సున్నంల పొయ్యి. గుడ్డల వడగట్టు. కండ్లల్ల వడితె కండ్లు కాలుతయ్, కడుపులకు వోతె పేగులు కాలుతయ్. ముక్కుకు మూతికి గుడ్డ కట్టుకో."

"గుడ్డ కట్టుకుంటె నాకు ఊపిరాడది."

"బట్టలు నేసే ఊరు సంది అచ్చిన మనిషికి గుడ్డంటె గంత భయమా?" అంటూ నర్సవ్వ బర్రెకు గడ్డి వెయ్యడానికి పోయింది.

ఆమె అటు పోగానే లక్ష్మీరాజం పనిని సులువు చేసుకున్నాడు. గుడ్డ కట్టుకోలేదు, మందు వడగట్టలేదు. బస్సు టైముకు అందాలంటే ఇలాంటివి కొన్ని తగ్గించుకోక తప్పదు. గోలెంలోంచి చెంబుతో ముంచి తిన్నగా పంపులో పోసి, పంపు వీపుకు తగిలించుకుని పిడి కొట్టాడు. మందు రాలేదు. సున్నపు పలుకొకటి గొట్టం మూతిలో అడ్డం పడింది. మూతి మరను కొంచెం వదులు చేసి, చెట్ల మీద చిందకుండా గోడ వైపు తిప్పి, ఇంకా గట్టిగా కొట్టాడు. అప్పటికీ రాలేదు. పళ్ళు బిగించి కొట్టాడు. మూతి తుపాకి గుండులా ఎగిరిపోయింది. దాని వెనకే ఆకాశం రంగు ధార ఒకటి లేచి గోడకు ఫెడీమని తగిలింది. సగం తిరిగొచ్చి అతని ముఖాన పడింది.

కళ్ళు కడుక్కుని చూసేసరికి గోడ మధ్యలో గేదె పడుకున్నంత నీలిమరక ఉంది. సరిగ్గా "జులుం" అనే మాట మీద. దానికి ఇటు "పోలీసు", అటు "నశించాలి" చెక్కుచెదరకుండా ఉన్నాయి.

లక్ష్మీరాజం మిగిలింది చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. నిన్నటిదాకా నశించాల్సింది జులుం. ఇప్పుడు ఏకంగా పోలీసే. ఎస్సై సాయంత్రం వచ్చి చెరిపావా అని అడిగితే, ఒక మాట చెరిపాను సార్ అని చెప్పాల్సి వస్తుంది. ఆ ఒక్క మాట ఏదో గోడే చెబుతుంది.

నీళ్ళు కొట్టి తోమాడు. గోడ అప్పటికే పీల్చుకుంది. రంగు పోలేదు, ఇంకాస్త చదునుగా పరుచుకుంది. అద్దకంవాళ్ళకు చెప్పకుండా పొగిడిన ఆ గుణాన్ని లక్ష్మీరాజం మొదటిసారి తిట్టుకున్నాడు. నర్సవ్వ గడ్డి దులుపుకుంటూ వచ్చి గోడను చూసింది.

"ఎట్లైన వడ్డది గద, మొత్తానికి కొట్టెయ్" అంది.

"మొత్తం కొడితె చెరిపినట్టయితది. అన్నలకు ఎవలు జవాబు చెప్పాలె? ఒక్క మాట ఉంచుత. ఒక్క మాట ఉన్నా చెరిపినట్టు గాదు. నశించుడు తీసేస్త, ఎస్సై సారు గూడ ఖుషీ" అన్నాడు లక్ష్మీరాజం. ఇద్దరికీ సరిపోయే ఉపాయం దొరికిందని అతని ముఖం వెలిగిపోతోంది. ముక్కు మీద నీలం ఎండి పెచ్చు కట్టింది.

నర్సవ్వ ఏదో అనబోయేంతలో రెండో ధార "నశించాలి" మీద పడింది. లక్ష్మీరాజం పది అడుగులు వెనక్కి వచ్చి రోడ్డు మీద నిలబడి చూశాడు. లేత నీలం గోడ మీద, ఎర్రటి అక్షరాలతో, కంచరి అచ్చు పోసినట్టు "పోలీసు" అని ఉంది. ఇంకేమీ లేదు.

"ఇంటికి బోర్డు వెట్టినట్టున్నది" అంది నర్సవ్వ.

ఆమె అన్న మాట నిజమవడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్క పల్లె నుంచి కట్టె ఊతంతో చిన్నవ్వ అనే ముసలమ్మ వచ్చి, వాకిట్లో చతికిలబడి, ఆయాసం తీర్చుకుని, లక్ష్మీరాజానికి రెండు చేతులూ జోడించింది.

"సారూ, నా మేక వోయింది. హన్మండ్లు కట్టేసుకున్నడు. నా మేకనే అని చెవి కొన కోసిన గుర్తు జూపించిన ఇస్తలేడు. రాసుకోండ్రి."

"అవ్వా, నేను సారును గాను. నేను లక్ష్మీరాజాన్ని."

"పేరుంటది గద. ఏ సారుకైన పేరుంటది. పిలగాండ్లు గోడ మీద సదివిండ్రు, గిక్కడ కొత్త ఠాణా వడ్డదని."

"ఠాణా గాదవ్వా! పసుపు మందు వడ్డది!"

చిన్నవ్వ అతని నీలిముఖాన్ని తేరిపార చూసింది. "గీ రంగు డ్రెస్సు గూడ కొత్తగనే ఇచ్చిండ్రా?" అని అడిగింది.

పంచాయితీ తెగకముందే హన్మండ్లు దిగాడు. ముసలమ్మ ఠాణాకు పోతున్నానని దారి పొడుగునా చాటింపు వేసుకుంటూ వచ్చిందేమో, ఆమె ఇక్కడికి చేరకముందే ఆ మాట అతని చెవిన పడింది. మేకను తాడుతో లాక్కొచ్చి, లక్ష్మీరాజం కాళ్ళ ముందు నిలబెట్టి, "సారూ, నేను కట్టేసుకోలే. ఎండకు తిరుగుతుంటె నీడకు కట్టిన. పాపానికి వోతనా?" అన్నాడు. నిన్నటిదాకా ఇదే హన్మండ్లు తనను 'ఏరా రాజం' అని పిలిచేవాడని లక్ష్మీరాజానికి గుర్తొచ్చింది. సారూ అనిపించుకోవడం ఒక్క క్షణం బాగానే ఉంది. ఆ క్షణంలోనే మేక తాడు తెంపుకుని గోలెం దగ్గరకు పోయి మూతి వంచింది.

"ఓ నీ జిమ్మడ!" అని నర్సవ్వ ఒక్క దూకు దూకింది. మేక చెవి పట్టుకుని వెనక్కి గుంజింది. మేక పెనుగులాడి, కాళ్ళు జారి, గోలెం పక్కనున్న మడుగులో పొర్లి లేచింది. నర్సవ్వ దాని పళ్ళు విడదీసి చూసి, నోట్లో రంగు లేదని తేల్చుకుని, రెండు కడవల నీళ్ళతో మూతి, ఒళ్ళు కడిగింది.

"తాగితె గింతల్నె సచ్చు. చిన్నవ్వా, గిది ఒళ్ళు నాకకుండ ఇంటికాడ ఇంకోపారి కడుగు. పిలగాండ్లను గూడ దాని మీద చెయ్యెయ్యనియ్యకు" అంది రొప్పుతూ.

చిన్నవ్వ సగం తెలుపు, సగం నీలం అయిన తన మేకను తృప్తిగా చూసుకుంది. "రాసుకునుడు లేదు, తిప్పుడు లేదు, వొయ్యంగనే మేక దొరికె. గింత మంచి ఠాణా నా పుట్టుకల సూడలే" అని దీవించి, మేకను తోలుకుని రోడ్డెక్కింది. హన్మండ్లు వంగి వంగి దండాలు పెడుతూ రెండో దారిన పోయాడు.

ఇక ఊరంతా తెలిసిపోయింది. లక్ష్మీరాజం ఇంట్లో పోలీసు ఠాణా పెట్టారు, లక్ష్మీరాజమే అందులో పెద్ద. ఈ మాట చేరకూడని చోటికి చేరడానికి ఎంత సేపు పడుతుందో ఆ రోజుల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఎండ నెత్తి మీదికి రాకముందే, పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని, చేతిలో కొడవలితో ఒక ఆడమనిషి వాకిట్లోకి వచ్చింది. మోపు దించి గోడను చూసింది. ముదురు చాయ, సన్నటి మనిషి, చూపు మాత్రం కదలదు. ఆమె సారక్క. దళంలో సారక్క మాటంటే మాటే. ఆమె ఎక్కడుందో చెప్పమని ఎస్సై ఆ చుట్టుపట్ల తట్టని తలుపు లేదు.

"ఠాణా వెట్టినవట" అంది సారక్క.

లక్ష్మీరాజం నోరు తెరిచాడు. చేత్తో పంపును చూపించాడు, గోడను చూపించాడు, తన ముక్కును చూపించాడు. ఆ మూడింటినీ కలిపి అర్థం చేసుకోవడం ఎవరివల్లా కాదు.

నర్సవ్వ గోలెం దగ్గర నుంచి లేవలేదు. "అక్కా, ఉన్నది ఉన్నట్టు జెప్త, ఇను. పసుపుకు మచ్చ దాకింది. తుత్తం కలిపినం. వడగట్టుమన్న, ఇనలే. మూతి ఎగిరి గోడ మీద వడ్డది. ఒక మాట పోయినంక గీ మనిషికి తెలివి పుట్టింది. ఇంకో మాట తీసిండు. మిగిలింది గిది. మేము చెరుపుదమని చెరుపలే, ఠాణా వెడ్దమని వెట్టలే" అని చెప్పింది. గొంతులో బతిమాలుకోవడం లేదు, దబాయింపు లేదు. పక్కింటావిడకు ఊళ్ళో సంగతి చెబుతున్నట్టు చెప్పింది. భార్య గొంతును లక్ష్మీరాజం అంత శ్రద్ధగా విన్నది అదే మొదటిసారి.

సారక్క గోలెం దగ్గరకు వచ్చి, వంగి, చేతిలోని కొడవలి కొనను మందులో ముంచి పట్టుకుంది. తీసేసరికి తెల్లటి ఇనుము మీద ఎర్రగా రాగి పట్టింది.

"సున్నం సాలలే" అంది. "తుత్తం మిగిలిపోయింది. గిది కొడితె తెగులు సంగతి దేవుడెరుగు, ఆకే మాడుతది. మా నాయిన గిట్లనే ఒక్క పొద్దున్ల చేనంత మాడగొట్టుకున్నడు. సున్నం ఏడ తెచ్చిండ్రు?"

"శానా దినాల కింద తెచ్చిన సున్నమే" అని నసిగాడు లక్ష్మీరాజం.

"గాలికి సచ్చిన సున్నం. రాళ్ళ సున్నం లేదా?"

దసరాకు గోడలకు వెయ్యడానికి నర్సవ్వ దాచుకున్న సున్నపురాళ్ళు అటక మీద ఉన్నాయి. ఆమె మారుమాట్లాడకుండా దించింది. పంటకు కలిపిన మందు గోడ తాగేసింది కాబట్టి, గోడకు దాచిన సున్నం పంటకు పోవడంలో తప్పేమీ కనపడలేదు. రాళ్ళ మీద నీళ్ళు చల్లగానే అవి బుసబుసా పొంగి పొగలు కక్కాయి.

"ముక్కుకు మూతికి గుడ్డ కట్టుకో అక్కా, గొంతు మండుతది" అని నర్సవ్వ తన పాతచీర చెంగు చింపి ఇచ్చింది. సారక్క కళ్ళు మాత్రమే కనపడేలా కట్టుకుంది. కొడవలికి పట్టిన రాగిని ఇసుకతో రుద్ది పోగొట్టింది. సున్నం వడగట్టి కొంచెం కొంచెంగా పోస్తూ, కట్టెతో కలియబెడుతూ, తల తిప్పకుండానే లక్ష్మీరాజంతో అంది. "మా మాట మేము ఇంకో గోడ మీద రాసుకుంటం, గోడలకు కరువా? గా ఒక్క మాటైతె ఉంచకు. గది మా మాట గాదు. పంపుల మిగిలింది దాని మీద కొట్టు, జల్ది."

రాత్రంతా ఏ పనికి భయపడి దొర్లాడో ఆ పనినే చెయ్యమంటోంది. లక్ష్మీరాజానికి చెవులు పనిచేస్తున్నాయా అని అనుమానం వచ్చింది. మూతి వెతికి, పలుకు దులిపి బిగించుకుని, రెండు చేతులా పిడి పట్టుకుని, "పోలీసు" మీద మందు కొట్టడం మొదలుపెట్టాడు. చివరి అక్షరం మునిగేసరికి రోడ్డు మీద జీపు ఆగింది.

మీటింగు తొందరగా ముగిసినట్టుంది. ఎస్సై దిగాడు. వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళు తుపాకులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాకిలికి ఉన్నది ఒకటే దారి. ఆ దారిలో ఎస్సై ఉన్నాడు. సారక్క వంచిన తల ఎత్తలేదు. కట్టె తిప్పుతున్న చెయ్యి ఆగలేదు.

"ఏమయ్యా లక్ష్మీరాజం, దారిలో ఒక ముసలమ్మ జీపుకి అడ్డం నిలబడి మాకు దండం పెట్టింది. మీ కొత్త ఠాణా చల్లగా ఉండాలి అంటుంది. చేతిలో నీలం రంగు మేక. ఎవరయ్యా ఇక్కడ ఠాణా పెట్టింది?"

లక్ష్మీరాజం పెదాలు కదిలాయి. "ఠా..." అని మాత్రం వచ్చింది.

"ముసల్ది సార్, కండ్లు సరిగ కనవడయ్" అంది నర్సవ్వ. "మేక మందుల వడితె కడిగి పంపిన. గదే ఠాణా అనుకున్నది."

ఎస్సై గోడ వైపు తిరిగాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా లేత నీలం, ఒక్క అక్షరం లేదు. దగ్గరకు పోయి వాసన చూశాడు. వేలితో గోకి చూశాడు. ముఖం అంతకంతకూ వింతగా మారింది.

"ఇది బోర్డో మిశ్రమం కదయ్యా?"

"మా... మాకు తుత్తం మందు సార్."

"మాది దుగ్గిరాల వైపు. మా నాన్నకి పసుపు తప్ప వేరే లోకం లేదు. చిన్నప్పుడు సెలవులన్నీ దీన్ని కలపడంతోనే పోయాయి. గోడకి సున్నం కొట్టినవాళ్ళని చూశాను, రంగు కొట్టినవాళ్ళని చూశాను. బోర్డో మిశ్రమం కొట్టినవాణ్ణి నిన్నే చూస్తున్నాను. సర్లే, నాచు పట్టదు." అంటూ గోలెం దగ్గరకు నడిచాడు. వంగి చూశాడు. కళ్ళల్లో పాత మెరుపేదో వచ్చింది. సారక్క వైపు చెయ్యి చాచాడు.

"ఆ కొడవలి ఇటివ్వమ్మా."

లక్ష్మీరాజం ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చూశాడు. సారక్క వేళ్ళు పిడి మీద బిగుసుకోవడం నర్సవ్వ చూసింది. చూసి, సున్నపునీళ్ళ చెంబు ఎత్తి ఇంకొంచెం పోసింది. "ఇయ్యి చెల్లే, సారు సూస్తడట" అంది. సారక్క కొడవలిని తిప్పి, పిడి వైపు అందించింది.

ఎస్సై కాళ్ళ మీద కూర్చుని, కొడవలి మందులో ముంచి, ఓపిగ్గా ఆగి, తీసి ఎండకు పట్టి చూశాడు. ఇనుము ఇనుములాగే ఉంది. ఎర్రచార ఒక్కటి లేదు.

"భేష్!" అన్నాడు. "మా నాన్న ఇక్కడుంటే ఈవిడకి చీర పెట్టేవాడు. సున్నం ఒక్క పిసరు తక్కువ కాదు, ఎక్కువ కాదు. ఎవరమ్మా ఈవిడ?"

"మా చిన్నమ్మ బిడ్డ సార్. మందు కలుపుటందుకే పిలిపిచ్చిన."

"ఏ ఊరమ్మా?"

సారక్క కట్టె తిప్పుతూనే ఉంది. నర్సవ్వే అందుకుంది. "మందు కాడ మాట్లాడది సార్. నోట్లకు వోతె పానం మీదికస్తదని."

ఎస్సై తల ఊపాడు. కొడవలి తిరిగి సారక్కకు ఇచ్చేసి లక్ష్మీరాజం భుజం పట్టుకుని తిప్పాడు. "చూడు, ఆవిడ ఎలా కట్టుకుందో చూడు. కళ్ళు తప్ప ఏమైనా కనపడుతున్నాయా? మందు దగ్గర మనిషి అలా ఉండాలి. నీ ముఖం ఒకసారి అద్దంలో చూసుకో. వెళ్ళి సబ్బుతో కడుక్కో ముందు. ఆవిడని చూసి నేర్చుకోవయ్యా!"

"నేర్చుకుంట సార్" అన్నాడు లక్ష్మీరాజం. ఆ రోజు అతను మనస్ఫూర్తిగా అన్న మాట అదొక్కటే.

జీపు కోరుట్ల వైపు మలుపు తిరిగేదాకా ముగ్గురూ కదల్లేదు. తర్వాత లక్ష్మీరాజం ఉన్నచోటనే కూలబడ్డాడు. సారక్క గుడ్డ విప్పి, భుజాలు అదిరేలా శబ్దం లేకుండా నవ్వింది. నవ్వినప్పుడు ఆమె వయసు పదేళ్ళు తగ్గింది.

"పోలీసోళ్ళు నన్ను మెచ్చుకోంగ ఇన్నది గిదే సురువు" అంది. గడ్డిమోపు నెత్తికెత్తుకుంటూ నర్సవ్వను చూసి, "నీ అసోంటి గుండె మా దాంట్ల గూడ తక్కువనే ఉన్నదే అక్కా" అంది. ఇంకో అడుగు వేసి మళ్ళీ ఆగింది. "గీ దినమే కొట్టుండ్రి. తెల్లారితె పనికి రాదు. వడగట్టుండ్రి."

ఈసారి లక్ష్మీరాజం వడగట్టాడు. ముక్కుకు, మూతికి గుడ్డ కట్టుకున్నాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి ఎదురు పోకుండా, సాలు వెంబడి సాలు, ఆకు పైనా కిందా తడిసేలా కొట్టాడు. నర్సవ్వ వెనక మందు మోసింది. పొద్దు వాలేసరికి చేనంతా లేత నీలం పొడి చల్లినట్టయ్యింది. సిరిసిల్ల బస్సు ఎప్పుడో పోయింది. తమ్ముడి కొబ్బరికాయ ఇక అన్న లేకుండానే పగలాలి.

ఇంటికొచ్చేటప్పుడు గట్టు మీద లక్ష్మీరాజం అడిగాడు. "ఎస్సై కొడవలి అడిగినప్పుడు నీకు భయం గాలేదా?"

"ఎందుకు గాలే? అయింది."

"మరి చెంబెత్తి పోస్తనే ఉన్నవ్ గద?"

"చెయ్యి వణికితె సున్నం ఎక్కువ వడ్తది. చేను పాడయితది" అంది నర్సవ్వ, అంతకుమించి చెప్పడానికేమీ లేనట్టు. లక్ష్మీరాజం ఆమె వెనకే నడిచాడు. ఇల్లరికం వచ్చినప్పుడు తనకు ఒక చేను, ఒక ఇల్లు దొరికాయనుకున్నాడు. అసలు దొరికిందేమిటో ఆ గట్టు మీద తెలిసింది.

ఆ రాత్రి పెద్దవాన పడింది. మందు ఆకు మీదే ఉంది. మచ్చలు ఉన్నచోటనే ఆగిపోయాయి. తర్వాతి వారానికి మొవ్వులోంచి విచ్చుకున్న కొత్త ఆకులు మచ్చ లేకుండా నిగనిగలాడుతూ వచ్చాయి. నీలిగోడ దగ్గర ఎవరూ బ్రష్షు పట్టుకుని ఆగలేదు. ఊళ్ళో రెండిళ్ళవాళ్ళు మాత్రం ఆ రంగు ఏ కంపెనీదని అడిగారు.

అప్పుడే ఒక సాయంత్రం ఎస్సై జీపు చేను దగ్గర ఆగింది. ఆయన గట్టు మీద నిలబడి, ఆకులు తిప్పి తిప్పి చూసి, సొంతచేను చూసుకున్నట్టు మురిసిపోయాడు.

"మా నాన్న దగ్గర కూలీలు ఏటా మందు తప్పుగా కలిపి ఆకులు మాడుస్తున్నారయ్యా. మీ మరదలు లాంటి మనిషి ఒక్కరు దొరికితే చాలు. అలాంటివాళ్ళని ఎక్కడ వెతకాలి?"

"దొరుకుడు కష్టం సార్" అన్నాడు లక్ష్మీరాజం.

రెండేళ్ళుగా ఆమె కోసమే గుట్టలూ అడవులూ గాలిస్తున్న ఎస్సై, నిజమేనని తల ఊపి జీపెక్కాడు.